బరువు బండిని ఆపే పని

(కార్మిక విద్యా తరగతులలో ఫెడరేషన్ పక్షాన చేసిన ప్రసంగపు పాఠం)



ఈ ఉదయపు తరగతికి మేము ఎన్నుకొన్న విషయం బ్రేకు. వేతన సవరణ గురించో, పెన్షన్ గురించో వినవచ్చునని వచ్చినవారికి ఇది కొంత నిరాశ కలిగించవచ్చు. వాటికి మధ్యాహ్నపు సమావేశం ఉన్నది. అయితే మన సభ్యులు తెచ్చి చూపే అభియోగ పత్రాలను చదివేటప్పుడు రెండు వాక్యాలు మాకు తరచు ఎదురవుతున్నవి. "బండిని సకాలంలో ఆపలేకపోయినావు" అనేది ఒకటి. "నిలిచిన బండిని భద్రపరచక విడిచిపోయినావు" అనేది రెండవది. ఈ వాక్యాలకు సమాధానం వ్రాయవలసిన కార్మికునికి, అతని పక్షాన వాదించవలసిన శాఖా కార్యదర్శికి, బ్రేకు ఎట్లా పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేయకుండా పోతుందో తెలిసి ఉండటం అవసరం. తపాలా శాఖ కామ్రేడ్లు దీనితో తమకేమి సంబంధమని అనుకోవద్దని మనవి. వారి సంగతికి కూడా వస్తాము.

మా అభిప్రాయం ముందే చెప్పి ఉంచుతాము. బండిని లాగే శక్తి ఇంజనులో ఉన్నది. ఆపే శక్తిలో ఇంజను వాటా స్వల్పం. అది బండి పొడవునా, ప్రతి వ్యాగను కింద, ప్రతి హోస్ పైపు కలయికలో, యార్డులో వంగి ఆ పైపును తడిమి చూసిన మనిషి చేతిలో పరచుకొని ఉన్నది. కనుక బండి ఆగనప్పుడు ముందు కూర్చున్న ఒక్క మనిషిని నిలదీసి విచారణ ముగించడం న్యాయానికీ విరుద్ధం, శాస్త్రానికీ విరుద్ధం.

మొదట కొంచెం లెక్క చూద్దాము. 58 బాక్స్-ఎన్ వ్యాగన్ల రేకును తీసుకొనండి. ఒక్కొక్క వ్యాగను ఖాళీగా దాదాపు 22.5 టన్నులు. మొదట నిర్ణయించిన పరిమితి మేరకు నింపితే 81 టన్నులు దాటుతుంది. మొత్తం రేకు సుమారు 4,700 టన్నులు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న ఆ బండిలో నిండి ఉన్న చలన శక్తి ఎంత? ఆ బండి యావత్తునూ పట్టాల మీది నుండి నిటారుగా 14 మీటర్ల ఎత్తుకు, అంటే నాలుగంతస్తుల మేడ మీదికి, ఎత్తగలిగినంత. వేగాన్ని 75కు పెంచండి. ఆ ఎత్తు 22 మీటర్లవుతుంది. వేగం నాలుగో వంతు మాత్రమే పెరిగింది. బ్రేకులు మింగవలసిన శక్తి సగానికి పైగా పెరిగింది. వేగ పరిమితిని అయిదు, పది కిలోమీటర్లు పెంచుతూ ఉత్తర్వు జారీ చేసేటప్పుడు ఈ వర్గపు లెక్క అందరికీ గుర్తుండదు. చక్రాన్ని ఒరుసుకొనే బ్రేకు బ్లాకుకు మాత్రం అది ప్రతిసారీ తెలుస్తుంది.

దీనికి తోడు ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి పట్టు తక్కువ. తారు రోడ్డు మీద రబ్బరు టైరుకు ఉన్న పట్టులో అది చిన్న భాగం మాత్రమే. అతిగా బిగిస్తే చక్రం తిరగడం మాని జారుతుంది. జారిన చక్రం బండిని ఆపదు సరికదా, ఒకచోట అరిగి చదునై తరువాత ప్రతి చుట్టుకూ పట్టాను సుత్తితో కొట్టినట్లు కొడుతుంది. అందుచేత సరకు బండి నింపాదిగానే ఆగగలదు, అందుకు దూరం కావాలి. డిస్టెంట్ సిగ్నలు మొదటి స్టాప్ సిగ్నలుకు కనీసం కిలోమీటరు ముందు ఉండటం, సరకు బండ్లు ఆగే దూరం కిలోమీటరు మించే సెక్షన్లలో రెండు డిస్టెంట్ సిగ్నళ్లు పెట్టడం ఇందుకే.

వాలు వచ్చినదంటే లెక్క మరింత కఠినమవుతుంది. కొత్తవలస–కిరండూలు మార్గంలో పనిచేసినవారు ఇక్కడ ఉన్నారు. బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన మార్గమది. సిమిలిగూడ వద్ద సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉండి, అక్కడ నుండి 1కి 60 వాలులో సొరంగాలు, వంతెనలు దాటుతూ మైదానానికి దిగుతుంది. ఖాళీ బండి ఎక్కుతుంది, నిండు బండి దిగుతుంది. మనం చెప్పుకొన్న 4,700 టన్నుల బండిని అటువంటి వాలులో పెడితే 78 టన్నుల బలం దానిని ఎడతెగకుండా కిందికి ఈడుస్తూ ఉంటుంది. ఎలక్ట్రిక్ ఇంజను మోటార్లను జనరేటర్లుగా తిప్పి కరెంటును తిరిగి తీగలోకి పంపే బ్రేకు ఈ దిగుడులో గొప్ప సహాయమే. కాని అది ఇంజను చక్రాలకే పరిమితం. వెనుక ఉన్న 58 వ్యాగన్లను పట్టవలసినది వాటి స్వంత బ్రేకులే.

ఇది రైలుకే ప్రత్యేకమైన ధర్మం కాదు. మనలో చాలామందిమి వ్యవసాయ కుటుంబాల నుండి వచ్చినవారము. పల్లెలలో తిరిగే ట్రాక్టరు ట్రాలీలలో చాలవాటికి తమ స్వంత బ్రేకు ఉండదు. చెరుకో, వడ్ల బస్తాలో నింపుకొని దిగుడులో వస్తున్నప్పుడు ట్రాక్టరు బ్రేకు తొక్కితే ట్రాక్టరు ఆగబోతుంది, ట్రాలీ ఆగబోదు. వెనుక నుండి నెడుతుంది. తిన్నగా నెట్టితే ఒక విధం. కాస్త పక్కకు నెట్టితే ట్రాక్టరు మెలిపడి ట్రాలీకి అడ్డం తిరుగుతుంది. కుడి ఎడమ చక్రాలకున్న రెండు బ్రేకు పెడళ్లను రోడ్డు మీద కలిపి బిగించకపోతే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎడ్లబండి తోలే ముసలివారు దిగుడులో చక్రానికే అడ్డు వేసేవారు గాని ఎడ్ల మీద భారం వేసేవారు కారు. బరువు ఎక్కడ ఉన్నదో బ్రేకు అక్కడ ఉండాలనే సూత్రం వారికి పుస్తకం చదవకుండానే తెలుసు.

రైల్వేలు ఈ సూత్రాన్ని చట్టంగా అంగీకరించడానికి పసిపిల్లలు చనిపోవలసి వచ్చింది. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా పట్టణం నుండి సండే స్కూలు పిల్లలతో ఒక విహారయాత్ర బండి బయలుదేరింది. పదిహేను పెట్టెలు, కిక్కిరిసిన జనం. 1కి 75 ఎక్కుడులో ఇంజను మొరాయించింది. బండిని రెండుగా విడదీసి ముందు భాగాన్ని తీసుకుపోదామని నిశ్చయించి, వెనుక పది పెట్టెలను చివరి వ్యాను చేతి బ్రేకు మీద, చక్రాల కింద పెట్టిన రాళ్ల మీద విడిచారు. ముందు భాగం కదలబోతూ కొద్దిగా వెనక్కు వచ్చి తాకింది. అంతే, రాళ్లు నలిగి పది పెట్టెలూ వెనుకకు దొర్లి, అదే దారిలో వస్తున్న మరొక బండికి గుద్దుకొన్నవి. సుమారు 80 మంది చనిపోయారు, వారిలో పిల్లలు అనేకులు.

ఆ బండికి వాక్యూమ్ బ్రేకు లేకపోలేదు. అయితే అది ఇంజను గాలిని పీల్చినంత సేపే పట్టే రకం. గొట్టం విడదీయగానే వెనుక పెట్టెలకు బ్రేకు లేనట్లే. అంతకు పదిహేడేండ్లకు ముందే, 1872లో, అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ దీనికి పూర్తిగా తలకిందులైన ఉపాయం కనిపెట్టి ఉన్నాడు. పైపులో పీడనం ఉన్నంత సేపు బ్రేకు విడిచి ఉంటుంది. పీడనం పడిపోతే, గొట్టం తెగినా, బండి విడిపోయినా, డ్రైవరు కావాలని వదిలినా, ప్రతి పెట్టె కిందనున్న తొట్టెలోని గాలి తన స్వంత బ్రేకును బిగిస్తుంది. చెడిపోవడమే ఆగిపోవడం కావాలి అనే ఈ ఏర్పాటు కొంత ఖర్చుతో కూడినది కనుక కంపెనీలు ఏండ్ల తరబడి వాయిదా వేసినవి. ఆర్మా దుర్ఘటన జరిగిన ఏడాదిలోనే బ్రిటిష్ పార్లమెంటు ప్రయాణికుల బండ్లన్నిటికీ ఎడతెగని, తనంతట తాను పడే బ్రేకును నిర్బంధం చేసింది. పదిహేడేండ్లు సాధ్యం కానిది కొద్ది వారాలలో సాధ్యమైనదన్న మాట.

మన దేశంలో దశాబ్దాల పాటు నడిచినది స్వయంచాలక వాక్యూమ్ బ్రేకు. ఇంజనులో 53 సెంటీమీటర్ల వాక్యూమ్ చూసుకొని బయలుదేరిన రోజులు పదవీ విరమణ చేసిన కామ్రేడ్లకు బాగా గుర్తు. దాని పరిమితి ప్రకృతి పెట్టిన పరిమితి. వాతావరణపు ఒత్తిడికి మించి అది బలం ఇవ్వలేదు. పొడవైన బండిలో తోక దాకా పట్టడానికీ, మళ్లీ విడవడానికీ ఆలస్యం అయ్యేది. 1980ల ఆరంభంలో బాక్స్-ఎన్ వ్యాగన్లతో పాటు గాలి బ్రేకు సరకు బండ్లలోకి విస్తృతంగా వచ్చింది. బ్రేకు పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల పీడనం. దానితోనే 4,700 టన్నుల బండ్లు సాధ్యమైనవి. ఈ మార్పును కార్మికవర్గం స్వాగతించింది. స్వాగతించవలసినదే. అయితే పీడనం పెరిగినంత మాత్రాన పరీక్ష అవసరం తగ్గదు, పెరుగుతుంది.

ఎందుకో చెప్పడానికి మరొక దుర్ఘటనను కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. 1988 జూన్ 27 సాయంత్రం ప్యారిస్ శివార్ల నుండి గార్ ద లియోన్ స్టేషనుకు ఒక లోకల్ బండి వస్తున్నది. వేసవి టైంటేబులు మారినందున బండి తన స్టేషనులో ఆగదని తెలిసి ఒక ప్రయాణికురాలు అలారం లాగింది. అలారం సరిచేయడానికి దిగిన డ్రైవరు ఆ ప్రయత్నంలో మొదటి రెండవ పెట్టెల మధ్య బ్రేకు పైపు కాక్‌ను, తనకు తెలియకుండానే, మూసివేశాడు. వెనుక పెట్టెలకు గాలి అందక వాటి బ్రేకులు బిగిసే ఉండిపోయినవి. పైపులో ఏదో అడ్డుపడినదని అతడు భావించి, పెట్టె పెట్టెకూ పోయి గాలి వదిలి బ్రేకులు విడిపించాడు. బండి కదిలింది. కాని ఇప్పుడు ఆ బండికి బ్రేకు ఒక్క మొదటి పెట్టెకే ఉన్నది. బండి అప్పటికే ఆలస్యం. ఆలస్యం తగ్గించడానికి మధ్యలోని ఒక స్టేషనులో ఆగవద్దని అతనికి చెప్పారు. ఆగి ఉంటే బ్రేకు లేదన్న సంగతి అక్కడే తెలిసేది. తెలిసినది చివరి దిగుడులో. ప్లాట్‌ఫారం మీద జనంతో నిండి ఉన్న మరొక బండిని అది ఢీకొన్నది. 56 మంది చనిపోయారు. డ్రైవరు తరువాత న్యాయస్థానంలో దోషిగా నిర్ణయించబడ్డాడు.

ఇక్కడ మీరు గమనించవలసినది ఒకటి ఉన్నది. కాక్ మూసుకొన్నప్పుడు ఇంజనులోని గేజి అబద్ధం చెప్పదు, సగం నిజం చెబుతుంది. మూసిన కాక్ వరకు ఉన్న పైపులో గాలి నిండుగానే ఉంటుంది కనుక ముల్లు సరియైన చోటనే నిలుస్తుంది. మిగిలిన సగం నిజం బండి తోకలో ఉన్నది. అందుకే మన నిబంధనలలో కంటిన్యూటీ పరీక్ష ఉన్నది. వెనుక గార్డు వాల్వు తెరిచి గాలి వదలాలి, ముందు ఇంజనులో ముల్లు పడాలి. గార్డుకు 2022లో ట్రెయిన్ మేనేజరని పేరు మార్చారు. పేరు ఏదైనా ఆ చేయి వెనుక ఉండవలసిన చేయి. తోకలోని పీడనాన్ని రేడియో ద్వారా ఇంజనుకు తెలిపే పరికరాలు కూడా వస్తున్నవి. వాటిని మేము వ్యతిరేకించము. అవి పీడనం ఎంతో చెబుతవి. విడిపోయిన బండి చక్రం కింద కొయ్య వెడ్జి పెట్టవలసి వచ్చినప్పుడు మాత్రం అవి దిగి రావు.

ఇక బ్రేక్ పవర్ సర్టిఫికేట్ సంగతి. ప్రతి వ్యాగనునూ చూసి, బిగిసిన సిలిండర్లు ఎన్ని, పనిచేయనివి ఎన్ని అని లెక్క వేసి క్యారేజి అండ్ వ్యాగన్ సిబ్బంది ఇచ్చే కాగితం అది. దాని మీద సంతకం చేయవలసినవారు ముగ్గురు. నిర్ణీత మార్గాలలో తిరిగే కొన్ని రేకులకు ఒక్కసారి ఇచ్చిన సర్టిఫికేటు 7,500 కిలోమీటర్లు లేదా 35 రోజుల వరకు చెల్లుతుంది. ఈ మధ్యకాలంలో బండి ఎన్నోసార్లు నిండుతుంది, ఖాళీ అవుతుంది, లోడింగు యంత్రాల దెబ్బలు తింటుంది. సైడింగులో పైపు నలుగుతుంది, పిన్ను రాలిపోతుంది. అప్పుడు పరిశీలక సిబ్బంది లేని చోట లోకో పైలటూ గార్డూ కలిసి బండిని చుట్టి చూసి రిపోర్టు వ్రాసుకొని బయలుదేరాలి. 58 వ్యాగన్ల బండి పొడవు ఆరు వందల మీటర్లు దాటుతుంది. రెండు పక్కలా నడిస్తే కిలోమీటరుంబావు. కంకర మీద, రాత్రి, టార్చి వెలుగులో, ప్రతి వ్యాగను వద్దా వంగి చూస్తూ. అంతలో కంట్రోలు నుండి ఇంకా ఎందుకు కదలలేదని పిలుపు. ఆ పిలుపు కాగితం మీద ఎక్కడా నమోదు కాదు. సంతకం మాత్రం నమోదు అవుతుంది. శాఖలలో మనం చెప్పవలసినది ఇదే: పరీక్షకు పట్టిన వేళను కూడా రిపోర్టులో వ్రాయండి. మొదలుపెట్టిన గంట, ముగించిన గంట వ్రాయండి. తొందరపెట్టిన పిలుపు వస్తే దాని వేళ కూడా వ్రాయండి.

ఒక చిన్న పిడి గురించి కూడా చెప్పాలి. పాత బాక్స్-ఎన్ వ్యాగన్ల పక్కన ఖాళీ–లోడు మార్చే పిడి ఉంటుంది. వ్యాగను ఖాళీగా ఉన్నప్పుడు బ్రేకు బలం తగ్గించడానికీ, నిండినప్పుడు పెంచడానికీ అది. నిండిన వ్యాగను పిడి ఖాళీ స్థానంలో ఉండిపోతే సిలిండరు పిస్టను చక్కగా బయటకు వస్తుంది, బ్లాకు చక్రాన్ని తాకుతుంది, సర్టిఫికేటులో అది పనిచేసే బ్రేకుగానే లెక్కకు వస్తుంది. బలం మాత్రం చాలదు. ఖాళీ వ్యాగనులో పిడి లోడు వైపు ఉంటే చక్రం జారి చదునవుతుంది. కొత్త వ్యాగన్లలో బరువును తానే గ్రహించే పరికరం అమర్చారు. పాతవి నడిచినంత కాలం ఆ పిడి మనిషి చేతి పనే. 2005 ప్రాంతం నుండి అదే వ్యాగన్లలో ఆరు, ఎనిమిది టన్నులు అదనంగా నింపడానికి అనుమతులు వచ్చినవి. ఆదాయం పెరిగింది, మంచిదే. దానికి తగినట్లు బండిని చూసే మనుషులు పెరిగినారా అని అడిగే హక్కు మనకు ఉన్నది.

పొడవు కూడా పెరుగుతున్నది. 2021 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వే మూడు బండ్లను ఒకటిగా కలిపి విజయవాడ డివిజను కొండపల్లి నుండి ఖుర్దాకు 'త్రిశూల్' పేరుతోనూ, రాయచూరు నుండి మణుగూరుకు 'గరుడ' పేరుతోనూ నడిపింది. త్రిశూల్‌లో 177 వ్యాగన్లు ఉన్నవి. పొడవు రెండు కిలోమీటర్లకు దగ్గర. పైపులో పీడనం తగ్గుదల శబ్ద వేగాన్ని మించి ప్రయాణించలేదు. అంటే ముందు ఇంజనులో మాత్రమే గాలి వదిలితే తోకకు ఆ వార్త చేరడానికి ఆరు సెకన్లయినా కావాలి. ఆలోగా, 60 కిలోమీటర్ల వేగంలో, తోక వంద మీటర్లు ముందుకు వస్తుంది, ఆగబోతున్న ముందు భాగం మీద పడుతుంది. కప్లింగుల మీద ఆ దెబ్బ తగ్గించడానికే మధ్య ఇంజన్లను రేడియోతో ముందు ఇంజనుకు జతచేసి, అన్ని చోట్లా ఒకేసారి గాలి వదిలే ఏర్పాటు అవసరమైనది. ఇటువంటి బండ్లు నడపడంలో మన సిబ్బంది చూపిన నేర్పు ప్రశంసనీయం. ఆ నేర్పుకు ప్రత్యేక శిక్షణా, పని గంటలలో దానికి తగిన లెక్కా ఉండవలె.

ఇంతవరకు కదిలే బండి మాట. నిలిచిన బండి ఇంకా మోసగించేది. గాలి బ్రేకు కదిలే బండిని ఆపడానికి చేసినది, నిలిచిన బండిని రాత్రంతా పట్టి ఉంచడానికి కాదు. ఇంజను ఆగి కంప్రెసరు నిలిచిపోతే గాలి కొంచెం కొంచెంగా కారిపోతుంది. తొట్టెలోనూ సిలిండరులోనూ గాలి పోయిన తరువాత చక్రాన్ని పట్టి ఉంచేది ఏమీ ఉండదు. 2013 జూలై 6 తెల్లవారుజామున కెనడాలో, క్విబెక్ రాష్ట్రపు లాక్ మెగాంటిక్ పట్టణంలో జరిగినది సరిగ్గా ఇదే. 72 ట్యాంకు వ్యాగన్ల ముడిచమురు బండిని వాలు పైన నాంట్ అనే చోట ఒంటరి డ్రైవరు నిలిపి డ్యూటీ దిగాడు. ఏడు చేతి బ్రేకులు బిగించి, ఇంజను బ్రేకును కూడా పట్టించి ఉంచాడు. ఆ ఇంజనులో తరువాత నిప్పు పుట్టింది. ఆర్పడానికి వచ్చినవారు ఇంజనును ఆపివేసి వెళ్లారు. గాలి కారిపోయింది. రాత్రి ఒంటి గంటకు కొంచెం ముందు బండి కదిలి, పదకొండు కిలోమీటర్లు దొర్లి, గంటకు నూరు కిలోమీటర్ల పైబడిన వేగంతో పట్టణ మధ్యంలో పట్టాలు తప్పింది. 47 మంది కాలిపోయారు.

కెనడా రవాణా భద్రతా మండలి పరిశోధించి కారణాలూ దోహదపడిన అంశాలూ పద్దెనిమిది ఉన్నవని తేల్చింది. ఆ బరువుకు ఆ వాలులో కనీసం 17, బహుశా 26 వరకు చేతి బ్రేకులు అవసరమని లెక్క కట్టింది. ఇంజనును సరిగా మరమ్మతు చేయకపోవడం, కంపెనీలో శిక్షణ లోపం, ప్రభుత్వపు పర్యవేక్షణ లోపం అన్నీ ఆ జాబితాలో ఉన్నవి. అయినా క్రిమినలు కేసులో బోనెక్కినవారు ఆ డ్రైవరూ, కిందిస్థాయి మరి ఇద్దరూ. 2018 జనవరిలో జ్యూరీ ముగ్గురినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. ప్రమాదకర సరకుల బండ్లను ఒంటరి మనిషితో నడపరాదని కెనడా ప్రభుత్వం ప్రమాదం జరిగిన నెలలోనే ఆదేశించింది. మరి అంతకు ముందు ఆ కంపెనీకి ఒంటరి మనిషితో నడపడానికి అనుమతి ఎందుకు ఇచ్చినట్లు?

మన దేశానికి వద్దాము. 2024 ఫిబ్రవరి 25 ఉదయం జమ్మూ కాశ్మీరులోని కథువా స్టేషనులో నిలిపిన, కంకర నింపిన 53 వ్యాగన్ల బండి ఇంజనులో ఎవరూ లేకుండా వాలు వెంట కదిలిపోయింది. డెబ్బయి కిలోమీటర్లకు పైగా పోయి, పంజాబులోని ఊంచీ బస్సీ వద్ద పట్టాల మీద వేసిన అడ్డంకులతో ఎట్టకేలకు ఆగినది. దారిలోని స్టేషన్లలో సిబ్బంది గేట్లు మూయించి, లైను ఖాళీ చేయించి ఒక్క ప్రాణం పోకుండా కాపాడారు. పత్రికలలో డ్రైవరు లేని బండి అన్న వింత ప్రముఖంగా వచ్చింది. స్టేషను తరువాత స్టేషను ఫోను పట్టుకొని దారి ఇచ్చిన ఆ స్టేషను మాస్టర్ల, పాయింట్స్‌మన్ల, గేట్‌మన్ల పని చివరి పేరాలో కూడా రాలేదు. సస్పెన్షన్ల వార్త మాత్రం వెంటనే వచ్చింది.

యార్డులలో వాలు 1కి 400 మించరాదని, 1కి 1200 మేలని ఇంజనీరింగు నియమం. రోలర్ బేరింగులు వచ్చిన తరువాత 1కి 400 కూడా ఎక్కువే. 81 టన్నుల వ్యాగనును ఆ వాలులో 200 కిలోల బలం కిందికి లాగుతుంది, కదలడానికి అది చాలు. కంటికి యార్డు చదునుగానే కనిపిస్తుంది, మోసం అక్కడే ఉన్నది. కనుక నిలిపిన బండికి రెండు చివరల నుండి తగినన్ని వ్యాగన్ల చేతి బ్రేకులు బిగించడం, చక్రాల కింద కొయ్య వెడ్జీలు పెట్టడం, పట్టాకు చైను వేసి తాళం బిగించడం, అడ్డదారి పాయింట్లను సరియైన స్థితిలో ఉంచడం అనే పనులలో ఒకటి మరొకదానికి బదులు కాదు. మా దృష్టికి వచ్చే ఫిర్యాదులు ఏమిటి? చేతి బ్రేకు చక్రం తుప్పుపట్టి తిరగదు. తిరిగినా లింకు విరిగి ఉన్నందున బ్లాకు కదలదు. వెడ్జీలు రిజిస్టరులో ఉన్నవి, గదిలో లేవు. చైనుకు తాళం లేదు. ఇవన్నీ ఉన్నట్లు సంతకం పెట్టించుకొన్న తరువాత, బండి కదిలిన రోజున, సంతకం పెట్టినవాడే దొరుకుతాడు.

తపాలా కామ్రేడ్లకు ఇచ్చిన మాట ప్రకారం వారి సంగతి. ఆర్.ఎం.ఎస్. పెట్టెలో నిలబడి సార్టింగు చేసినవారికి ఎమర్జెన్సీ బ్రేకు అంటే ఏమిటో మేము చెప్పనక్కరలేదు. గూళ్ల ముందు నిలబడిన మనిషికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు, సంచులు మీద పడతవి. ఆ పెట్టెలు ఇప్పుడు చాలా తగ్గినవి. ప్లాట్‌ఫారం మీద సంచుల ట్రాలీలు తగ్గలేదు. సంచికి 25 కిలోల చొప్పున ఇరవై సంచులు వేస్తే అర టన్ను. బ్రేకు లేని, లేదా బ్రేకు పనిచేయని ట్రాలీని అంచుకు ఎదురుగా విడిస్తే, కొద్దిపాటి వాలు, ఒక గాలివిసురు, ఎవరిదైనా మోచేయి, ఇంతే చాలు పట్టాల మీదికి పోవడానికి. ట్రాలీని అంచుకు సమాంతరంగా నిలపడం, చక్రానికి అడ్డు వేయడం, రెండు మూడు ట్రాలీలను గొలుసుగా కట్టి లాగరాదని పట్టుపట్టడం ఖర్చు లేని పనులు. మెయిల్ మోటారు డ్రైవర్లు కూడా ఇదే లెక్క గమనించవలె. బ్రేకు లైనింగు అరిగిన బండికి ఎక్కువ సంచులు వేయమన్నప్పుడు నోటి మాటగా ఒప్పుకొనక లాగ్ పుస్తకంలో వ్రాసి సంతకం తీసుకొనండి.

చివరగా అలసట గురించి ఒక్క మాట. 1973లో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మె చేసి పది గంటల డ్యూటీ సూత్రాన్ని సాధించినది కూలి పెంపు కోసం మాత్రమే కాదు. పద్నాలుగు గంటలు ఇంజనులో ఉన్న మనిషి చేయి బ్రేకు పిడి మీదే ఉన్నా, సిగ్నలు కంటి నుండి చేతికి చేరడానికి పట్టే సెకన్లు పెరుగుతవి. అరవై కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను అంటే దాదాపు పదిహేడు మీటర్లు. ఆ సూత్రం ఈనాడు ఏ సెక్షనులో ఎట్లా అమలవుతున్నదో మీ డ్యూటీ పట్టికలే సాక్ష్యం.

శాఖా కార్యదర్శులకు మా విజ్ఞప్తి. వచ్చే నెలాఖరులోగా మీ యార్డులో తిరగని చేతి బ్రేకుల వ్యాగన్ల నంబర్లు, లోపించిన వెడ్జీలు చైన్లు తాళాల సంఖ్య, కంటిన్యూటీ పరీక్షకు నిజంగా దొరికిన సమయం, తపాలా శాఖలో బ్రేకు లేని ట్రాలీల సంఖ్య వేరువేరు కాగితాల మీద వ్రాసి, తేదీ వేసి, ఒక ప్రతిని స్థానిక అధికారికి ఇచ్చి రసీదు తీసుకొని, రెండవ ప్రతిని ఫెడరేషన్ కార్యాలయానికి పంపవలసినదిగా కోరుతున్నాము. రసీదు ఇవ్వ నిరాకరించినచో తపాలాలో పంపి రసీదు తీసుకొనండి. ఆ రసీదును మన తపాలా కామ్రేడ్లు ఇస్తారు.